కోడిపుంజు ఎందుకు కూస్తుంది? తేలినవీ, తేలనివీ

తెల్లవారబోతోంది కాబట్టి కోడి కూసింది అని మనుషులు తరతరాలుగా అనుకుంటూ వచ్చారు. గడియారాలు లేని రోజుల్లో పల్లెకు తొలికోడి కూతే పొద్దు. ఆ కూతనే నమ్మి దుక్కికి వెళ్లారు, పాలు పితికారు, ప్రయాణాలు కట్టారు. అయితే పుంజు మిట్టమధ్యాహ్నం కూడా కూస్తుంది. పక్కింటి పుంజు కూస్తే కూస్తుంది, అర్ధరాత్రి లారీ లైటు పడితే కూస్తుంది, పోరులో గెలిచాకా కూస్తుంది. తెల్లవారడమే కారణమైతే ఇవన్నీ ఎందుకు?

ఈ ప్రశ్న చుట్టూ గత నూట డెబ్బై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలు చాలా పని చేశారు. హార్మోన్ల పరిశోధకులు, జంతు ప్రవర్తన నిపుణులు, జీవ గడియారాలను చదివేవారు, భాష పుట్టుకను వెతికేవారు తలా ఒక వైపు నుంచి వచ్చారు. వెలుతురు వల్ల అన్నారు కొందరు. లోపలి గడియారం వల్ల అన్నారు ఇంకొందరు. హోదా కోసమనీ, పెట్టల కోసమనీ, హార్మోన్ల వల్లననీ మరికొందరు అన్నారు. పైగా కూత ఒక్కటే పుంజు గొంతు కాదు. డేగను చూసినప్పుడు ఒక అరుపు, మేత దొరికినప్పుడు ఒక పిలుపు, పెట్టకు గూడు చూపేటప్పుడు మరో గొణుగుడు ఉన్నాయి. వీటిలో ఏ వాదం నిలిచింది, ఏది వీగింది, ఏది ఇంకా నడుస్తోంది అన్నది పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చిక్కు ఎక్కడ పడింది

తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సామెత తెలుగువారందరికీ తెలుసు. కోడి కూతకూ తెల్లవారడానికీ సంబంధం ఉంది గానీ ఆ సంబంధం కార్యకారణాలది కాదని మన పెద్దలు ఎప్పుడో పసిగట్టారనడానికి అది సాక్ష్యం. గౌతముణ్ణి వేళ కాని వేళ నదికి పంపడానికి ఇంద్రుడు కోడిలా కూశాడన్న జనశ్రుతిలోనూ అదే ఎరుక ఉంది. కూత వినపడినంత మాత్రాన పొద్దు పొడవబోతున్నట్టు కాదు.

శాస్త్ర చర్చలో చిక్కు మరోలా పడింది. "ఎందుకు" అన్న ఒక్క మాటలో నాలుగు వేరు వేరు ప్రశ్నలు దాగి ఉంటాయని డచ్ శాస్త్రవేత్త నికో టింబెర్జెన్ 1963లో జంతు ప్రవర్తన అంతటికీ వర్తించేలా చెప్పాడు. ఆ ప్రవర్తనను ఈ క్షణాన ఏది కదిలిస్తోంది? అది పిల్ల దశ నుంచి ఎలా రూపుదిద్దుకుంది? దానివల్ల జీవికి ఒరిగేదేమిటి? జాతి చరిత్రలో అది ఎలా వచ్చింది? కోడి కూత గురించి దశాబ్దాలుగా సాగిన వాదాల్లో చాలావరకు ఒకరు మొదటి ప్రశ్నకు, మరొకరు మూడో ప్రశ్నకు జవాబు చెబుతూ, ఒకరినొకరు ఖండిస్తున్నామని అనుకోవడం వల్ల పెరిగినవే.

చర్చ నడిచిన దారి

మొదటి మైలురాయి 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో పడింది. ఆర్నాల్డ్ బెర్తోల్డ్ 6 పడుచు పుంజుల వృషణాలు తీశాడు. అలా వదిలేసినవి కూయలేదు, కొట్లాడలేదు, వాటి తలమీది జుట్టు పెరగలేదు. కొన్నింటికి మాత్రం వృషణాన్ని మళ్లీ పొట్టలోనే వేరేచోట అమర్చాడు. అవి మామూలు పుంజుల్లాగే కూశాయి. అమర్చిన భాగానికి పాత నరాలతో సంబంధం లేదు, రక్త ప్రసరణ మాత్రమే ఉంది. అంటే కూతకు కావలసినదేదో రక్తంలో ప్రయాణిస్తోందన్నమాట. హార్మోన్ల శాస్త్రానికి తొలి ప్రయోగం ఇదేనని చరిత్రకారులు చాలామంది ఒప్పుకుంటారు. ఆ పదార్థాన్ని టెస్టోస్టెరాన్ అన్న పేరుతో గుర్తించింది చాలా తర్వాత, 1935లో.

రెండో మైలురాయి నార్వేలో. థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె చిన్నప్పటి నుంచీ కోళ్లను గమనించి, మందలో ఎవరు ఎవరిని పొడవవచ్చో ఒక నిలకడైన వరస ఉంటుందని 1920ల మొదట్లో ప్రకటించాడు. ఇది కూత గురించి చెప్పిన మాట కాదు. అయినా కూత చర్చను చివరికి ఒక కొలిక్కి తెచ్చింది ఈ వరసే.

1953లో నికొలస్ కొలియాస్, మార్టిన్ జూస్ కోళ్ల ధ్వనులను స్పెక్ట్రోగ్రాఫ్ మీద బొమ్మలుగా గీశారు. చెవికి ఒకేలా అనిపించినవి వేరని, వేరుగా అనిపించినవి ఒకటేనని చూపడానికి ఆధారం దొరికింది. ఎర్ర అడవికోడి గొంతుపై కొలియాస్ 1987లో వెలువరించిన జాబితాలో రెండు డజన్ల దాకా పలుకులున్నాయి. 1980ల నుంచి పీటర్ మార్లర్, ఆయన దగ్గర పనిచేసి తర్వాత సిడ్నీలోని మక్వారీ విశ్వవిద్యాలయానికి వెళ్లిన క్రిస్ ఎవన్స్ చర్చను కూత నుంచి హెచ్చరికల వైపు, మేత పిలుపుల వైపు తిప్పారు. 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఫలితాలు దాన్ని మళ్లీ వేకువ కూత దగ్గరికి తెచ్చాయి.

మొదటి వాదం: వెలుతురా, లోపలి గడియారమా

కూతకు కారణం తొలి వెలుతురేనన్నది సహజంగా తోచే వాదం. వీధి దీపాలకూ వాహనాల లైట్లకూ పుంజులు కూయడం దీనికి బలమిచ్చింది. కానీ తొలి కూత చాలాసార్లు వెలుతురు జాడ కూడా లేని చీకటిలోనే వినపడుతుంది. ఈ ముడిని త్సుయోషి షిమ్మురా, తకాషి యోషిమురా 2013లో విప్పారు. 12 గంటలు వెలుతురు, 12 గంటలు మసక వెలుతురు ఉన్న గదుల్లో పుంజులు లైటు వెలగడానికి సుమారు 2 గంటల ముందే కూయడం మొదలుపెట్టాయి. తర్వాత పగలూ రాత్రీ తేడా లేకుండా మసక వెలుతురులోనే ఉంచితే, కూత లయ బయటి ఆధారమేదీ లేకుండానే సాగింది. అయితే ఆ లయ 24 గంటలది కాదు, సుమారు 23.7 గంటలది. బయట నుంచి వచ్చే సంకేతమైతే సరిగ్గా 24 గంటలు ఉండాలి. ఆ కాస్త తేడాయే లోపలి గడియారానికి రుజువు.

అదే పరిశోధనలో లైటు వెలిగించి, ఇతర పుంజుల కూతలు వినిపించి కూడా చూశారు. రెండింటికీ పుంజులు కూశాయి. కానీ ఒకే లైటు, ఒకే శబ్దం వేకువకు దగ్గరగా ఉన్నప్పుడు ఎక్కువ కూతలను రప్పించాయి, మిగతా వేళల్లో తక్కువ రప్పించాయి. అంటే వెలుతురు వాదం పూర్తిగా తప్పు కాదు. బయటి ప్రేరణకు పుంజు ఎంత స్పందించాలో కూడా లోపలి గడియారమే నిర్ణయిస్తోంది. కూతను కదిలించేది ఏమిటి అన్న ప్రశ్న వరకు ఈ జవాబు బలంగా నిలిచింది.

రెండో వాదం: హోదా చాటింపు

గడియారం వేళ చెబుతుంది. ఆ వేళకు అసలు కూయడమెందుకు? కూత ఇది నా చోటు అని సాటి పుంజులకు చేసే చాటింపు అన్నది ఇక్కడ ప్రధాన వాదం. దీనికి ఆధారాలు చాలా ఉన్నాయి. పై హోదా పుంజులు కింది వాటికన్నా ఎక్కువగా కూస్తాయి. కూత ప్రతి పుంజుకూ కాస్త వేరుగా ఉంటుంది కాబట్టి వినేవాటికి ఎవరిదో పోల్చుకునే అవకాశముంది. పక్క పుంజు కూతకు ఎదురు కూత వస్తుంది.

నగోయా బృందం 2015లో ఈ వాదాన్ని గడియారం వాదంతో కలిపింది. కలిసి ఉంటున్న పుంజుల చిన్న గుంపుల్లో వేకువన మొదట కూసేది ఎప్పుడూ పై హోదా పుంజే. తర్వాత రెండోది, మూడోది, చివరిది, పొడుచుకునే వరసలోనే కూశాయి. పెద్ద పుంజును తీసేస్తే రెండోది మొదటి కూత అందుకుంది. కిందివాటికీ గడియారం ఉంది, కానీ అవి దాన్ని పాటించకుండా పైవాడి కూత కోసం ఆగుతున్నాయి. ప్రతి వేకువనా గుంపు తన వరసను రక్తం చిందకుండా మళ్లీ ఖాయం చేసుకుంటోందన్నమాట.

ఇందులో తేలని చిన్న వివాదం ఒకటుంది. కూత వింటే కూసినవాడి సత్తా తెలుస్తుందా? తలమీది జుట్టు పెద్దగా ఉన్న పుంజులు పోరులో గెలిచే అవకాశం ఎక్కువ. జుట్టు పొడవుకూ కూత స్థాయికీ సంబంధం ఉందని 1998లో ఒక అమెరికన్ పరిశోధన చూపింది. కూత నిజాయితీ గల ప్రకటన అనేవారు దీన్ని చూపుతారు. సంబంధం కనిపించినంత మాత్రాన ప్రత్యర్థులు దాన్ని లెక్కలోకి తీసుకుంటున్నట్టు కాదన్నది రెండో పక్షం మాట.

కూత శక్తి విషయంలో మాత్రం సందేహం లేదు. బెల్జియం పరిశోధకులు పుంజు చెవి దగ్గరే మైకు పెట్టి కొలిస్తే కూత 140 డెసిబెళ్లు దాటింది. ముక్కు పూర్తిగా తెరిచినప్పుడు చెవి నాళం కొంత మూసుకుపోతుంది, మెత్తని కణజాలం కర్ణభేరిని కొంతమేర కప్పుతుంది. తన కూతకు తానే చెవిటిది కాకుండా పుంజును కాపాడే ఏర్పాటు ఇది. పక్షుల చెవిలో దెబ్బతిన్న వినికిడి కణాలు మళ్లీ పుడతాయని 1980ల్లోనే తేలింది. ఇంత ఖరీదైన గొంతును శరీరం మోస్తోందంటే దాని లాభమూ అంత పెద్దదే అయి ఉండాలన్నది చాటింపు వాదుల తర్కం.

మూడో వాదం: హెచ్చరికలు, మేత పిలుపులు

కూత దూరానికి వినపడాలి. పుంజు మిగతా పలుకులు చాలావరకు తన మంద కోసమే. వీటిలో రెండు జతల మీద ఎక్కువ పని జరిగింది.

మొదటిది హెచ్చరికలు. ఆకాశంలో గద్దో డేగో కనిపిస్తే పుంజు సన్నగా, సాగదీసి అరుస్తుంది. ఆ అరుపు ఎక్కడి నుంచి వచ్చిందో పోల్చుకోవడం కష్టం. అది అరిచేవాడికి రక్షణ. నేల మీద కుక్కో నక్కో వస్తే గట్టిగా, తునకలు తునకలుగా కొక్కరిస్తుంది. అది దాక్కోవడానికి కాదు, నిన్ను చూశాను అని వేటజంతువుకే తెలియజెప్పడానికి. క్రిస్ ఎవన్స్ బృందం 1993లో ఒంటరి పెట్టలకు ఈ రెండు అరుపుల రికార్డింగులు వినిపించింది. డేగా లేదు, కుక్కా లేదు, పుంజూ లేదు. అయినా పెట్టలు మొదటి అరుపుకు నీడలోకి పరిగెత్తి, నక్కి, పైకి చూశాయి. రెండో అరుపుకు మెడ నిక్కించి నాలుగు దిక్కులూ చూశాయి.

రెండో జత మేత పిలుపూ, దానితోపాటు సాగే ఆటా. పురుగో గింజో దొరికిన పుంజు దాన్ని ముక్కుతో ఎత్తి వదులుతూ, తల ఊపుతూ, వెంటవెంటనే చిన్న చిన్న శబ్దాలు చేస్తుంది. పెట్టలు వచ్చి తింటాయి. మంచి మేత దొరికితే పిలుపు ఎక్కువ. ఈ ఆట బాగా ఆడే పుంజులవైపు పెట్టలు మొగ్గు చూపుతాయి. కింది హోదా పుంజులు తల ఊపుడు మాత్రం చేసి గొంతు నొక్కుకుంటాయని మక్వారీ పరిశోధకులు గమనించారు. పెద్ద పుంజు చెవిన పడితే దెబ్బలు తప్పవు.

ఇంకా ఆసక్తికరమైనది మోసం. తినడానికేమీ లేకపోయినా పుంజు పిలవడాన్ని మార్లర్ బృందం 1988లో నమోదు చేసింది. పెట్ట దూరంగా ఉన్నప్పుడే ఈ ఉత్తుత్తి పిలుపులు ఎక్కువ. దగ్గర ఉన్న పెట్ట నేలను చూసి మోసం కనిపెట్టేస్తుంది మరి.

హెచ్చరికల్లోనూ లెక్కలు కనిపించాయి. ఒంటరిగా ఉన్నప్పటికన్నా పెట్ట దగ్గర ఉన్నప్పుడు పుంజు డేగను చూసి ఎక్కువగా అరుస్తుంది. జతకట్టిన తర్వాత ఎక్కువగా అరుస్తుంది. తాను పొద కింద ఉన్నప్పుడూ ఎక్కువగా అరుస్తుంది. తన పిల్లల తల్లులను కాపాడుకోవడం లాభం, డేగ కంటపడటం నష్టం అనుకుంటే ఈ తేడాలన్నీ పొసగుతాయి.

ఆ పలుకులకు అర్థముందా

అసలు పోరు ఇక్కడే. మార్లర్, ఎవన్స్ వాదం ప్రకారం పుంజు అరుపు ఉత్త భయపు కేక కాదు. అది పైనుంచి ముప్పు అన్న విషయాన్ని సూచిస్తుంది. మనిషి మాట డేగను సూచించినట్టే ఇది కూడా, కనీసం విన్నవారి ప్రవర్తన మేరకు, ఒక వస్తువును సూచిస్తుంది. కోతుల్లో తొలిసారి చూపిన ఈ గుణం కోళ్లలోనూ ఉందనడం అప్పట్లో సంచలనం.

ఎదురు పక్షం 2009 తర్వాత గట్టిపడింది. డ్రూ రెండాల్, మైకేల్ ఓవ్రెన్, మైకేల్ ర్యాన్ జంతువుల సంకేతాల్లో "సమాచారం", "అర్థం" అన్న మాటలే దారి తప్పిస్తున్నాయన్నారు. అరుపు వినేవారి నరాలను నేరుగా కదిలిస్తుంది, వినేవారు అనుభవంతో దానికి ప్రతిస్పందన కట్టుకుంటారు, అంతకుమించి అరిచేవాడి మనసులో "డేగ" అన్న భావన ఉందనడానికి ఆధారం లేదని వారి వాదన. 2012లో బ్రాండన్ వీలర్, యూలియా ఫిషర్ ఈ భావనకు కాలం చెల్లిందనే అన్నారు. వినేవారు అర్థం తీసుకోవడం వేరు, పలికేవారు అర్థం పంపడం వేరు అన్నది వారి ప్రధాన ఆక్షేపణ.

రెండు పక్షాల మాటా వింటే ఒకటి స్పష్టం. పెట్టలు రెండు అరుపులకు రెండు రకాలుగా స్పందిస్తాయన్నది ఎవరూ కాదనలేని వాస్తవం. పుంజు ఆ తేడాను తెలిసి పలుకుతోందా అన్నది ఇప్పటి ప్రయోగాలకు అందని ప్రశ్న. మోసం గురించి కూడా అంతే. ఉత్తుత్తి పిలుపు వల్ల పుంజుకు లాభం కలగడం ఒకటి, మోసగించాలని అనుకోవడం మరొకటి.

పుట్టుకతో వచ్చిందా, నేర్చుకున్నదా

ఈ ప్రశ్నకు జవాబు మిగతావాటికన్నా ముందే తేలింది. మసకజు కొనిషి 1963లో పసితనంలోనే వినికిడి తొలగించిన కోళ్లు కూడా మామూలుగానే పలుకుతాయని చూపాడు. పాట నేర్చుకునే పక్షులకు ఇది పూర్తిగా వేరు. 1988లో ఎవన్ బలబాన్, మరీ-ఎమే తేయే, నికోల్ లె ద్వారెన్ కౌజుపిట్ట పిండం మెదడు భాగాలను కోడి పిండంలో అమర్చారు. ఆ కోడిపిల్లల్లో కొన్ని కౌజుపిట్టలా కూశాయి. కూత నమూనా మెదడు నిర్మాణంలోనే ఉందనడానికి ఇంతకన్నా బలమైన రుజువు కష్టం.

పెంపకం కూతను మార్చగలదనడానికీ ఆధారాలున్నాయి. జపాన్‌లో తోతెంకో, తోమరు, తుర్కియేలో డెనిజ్లి, ఇండోనేషియాలో పెలుంగ్ వంటి జాతులను దీర్ఘమైన కూత కోసమే తరతరాలుగా ఎంచి పెంచారు. ఎర్ర అడవికోడి కూత చివర తెగినట్టు ఆగుతుంది, పెంపుడు పుంజుది సాగుతుంది. అడవికోళ్లలో ఊరకోళ్ల రక్తం కలిసిందేమో చూడటానికి ఇది ఒక గుర్తు. గోదావరి పరిసరాలు మన దేశంలో ఎర్ర అడవికోడికీ, దక్షిణాదిలో ఉండే బూడిదరంగు అడవికోడికీ దాదాపు సరిహద్దు. ఈ రెండింటి కూతలూ వేరు.

ఒక్కచోట చూస్తే

- వెలుతురు వాదం: ఏది కదిలిస్తుంది అన్నదానికి పాక్షిక జవాబు. వెలుతురు కూతను రప్పిస్తుంది, కానీ వేకువ ముందటి కూతను వివరించలేదు.
- గడియారం వాదం: అదే ప్రశ్నకు బలమైన జవాబు. వేళ ఎలా తెలుస్తుందో చెబుతుంది, లాభమేమిటో చెప్పదు.
- హార్మోన్ల వాదం: కూయగలిగే శరీరం ఎలా తయారవుతుందో చెబుతుంది. 1849 నుంచి నిలిచింది.
- హోదా వాదం: లాభం ప్రశ్నకు ఇప్పటికి ఉన్న మేలైన జవాబు. గడియారంతో పొసగుతుంది.
- సూచక వాదం: హెచ్చరికలకు, మేత పిలుపులకు వర్తిస్తుంది. వినేవారి వైపు నిలిచింది, పలికేవారి వైపు వివాదంలో ఉంది.
- సహజ స్వర వాదం: కూత రూపం పుట్టుకతోనే వస్తుందన్నది దాదాపు తేలిన విషయం.

ఈ ఆరింటిలో నిజంగా ఒకదాన్నొకటి ఖండించుకునేవి చాలా తక్కువ. వెలుతురు, గడియారం వాదులు మాత్రమే ఒకే ప్రశ్నపై పోటీపడ్డారు, అందులో గడియారం గెలిచింది. మిగతావి ఒకదాని పక్కన ఒకటి నిలబడగలవు.

ఇంకా తేలనివి

మొదటిది, వేకువే ఎందుకు? గాలి నిలకడగా, పరిసరాలు నిశ్శబ్దంగా ఉండటం వల్ల శబ్దం దూరం వెళుతుందనీ, మేత వెతకలేని మసకలో కూత తప్ప పని ఉండదనీ, రాత్రి గడిచాక చోటు ఇంకా తనదేనని చెప్పాలనీ వేకువ పక్షులన్నిటి గురించి వాదనలున్నాయి. కోళ్లలో వీటిలో ఏది ఎంత అన్నది విడదీసి చూపినవారు లేరు.

రెండోది, వినే పెట్ట. కూత పుంజుల మధ్య వ్యవహారంగానే ఎక్కువగా చదివారు. పెట్టలు కూత విని ఏం నిర్ణయించుకుంటాయో తెలిసింది తక్కువ.

మూడోది, భావోద్వేగం. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2024లో వెలువరించిన పరిశోధనలో పాల్గొన్న మనుషుల్లో 69 శాతం మంది కోళ్ల పలుకులు విని అవి సంతోషంలో ఉన్నాయో విసుగులో ఉన్నాయో సరిగ్గా చెప్పారు. పలుకులో మానసిక స్థితి ఉందని ఇది సూచిస్తుంది. అరుపు భావోద్వేగమా, సమాచారమా అన్న పాత తగువును మాత్రం ఇది తీర్చదు, రెండూ ఒకే అరుపులో ఉండవచ్చు.

నాలుగోది, పరిశోధన జరిగిన చోటు. చాలా ప్రయోగాలు కొన్ని జాతుల మీద, బోనుల్లో, చిన్న గుంపులతో జరిగాయి. ఊళ్లలో తిరుగాడే మందల్లో ఒక పుంజు కూత పది ఇళ్ల అవతలి పుంజుకూ వినపడుతుంది, వరసలు ఇంటింటికీ మారతాయి. నగోయా ఫలితాలు అక్కడ ఎంతవరకు నిలుస్తాయో చూడాలి.

తీర్పు

పుంజు సూర్యుడి కోసం కూయదు, సాటి పుంజుల కోసం కూస్తుంది. ఎప్పుడు కూయాలో లోపలి గడియారం చెబుతుంది, ఎవరు ముందు కూయాలో మందలోని హోదా చెబుతుంది, కూయగలిగే శక్తిని హార్మోన్ ఇస్తుంది. ఇంతవరకు చర్చ ముగిసిందనే చెప్పవచ్చు. ముగియనిది చిన్న పలుకుల సంగతి. ఒక పక్షి తాను చూసినదాన్ని మరొక పక్షికి "చెబుతోంది" అని ఎప్పుడు అనవచ్చన్నది కోళ్ల శాస్త్రం దాటి మనసుల శాస్త్రంలోకి వెళ్లే ప్రశ్న.

గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో నేడు ఎక్కువ కోళ్లు పుంజు గొంతు వినకుండానే బతుకుతున్నాయి. గుడ్ల ఫారాల్లో పుంజులుండవు, మాంసపు కోళ్లు కూత వచ్చే వయసుకు ముందే కోతకు పోతాయి. ఊరకోళ్ల మందలూ, అడవికోళ్లూ ఇంకా ఉన్న మన ప్రాంతంలోనే ఈ తేలని ప్రశ్నలకు జవాబులు వెతకడం సులువు. ఒక రికార్డరూ, ఓపికా, పుంజులను ఒక్కొక్కటిగా పోల్చుకునే కన్నూ ఉంటే చాలు. మన విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర, పశువైద్య విభాగాలు ఈ పని చేపట్టాలి.